శకారం వినిపించే పెట్టె

మన ఇళ్ళలో కొన్నిటిలో ఇప్పటికీ ఒక బరువైన ఆంప్లిఫయరూ, దానికి అటూ ఇటూ నడుమెత్తు స్పీకరు పెట్టెలూ కనిపిస్తాయి. పక్కనే ఉన్న క్యాసెట్ డెక్కు బెల్టులు సాగిపోయి ఏనాడో మూలబడి ఉంటుంది. రేడియో పెట్టె పిల్లల ఆటవస్తువై ఉంటుంది. ఇంటిల్లిపాదీ వినే పాటలూ పద్యాలూ మాత్రం క్రమక్రమంగా వచ్చి కంప్యూటరులో చేరి కూర్చున్నాయి. పాట ఒకచోట, గొంతు మరొకచోట. కంప్యూటరు వెంట వచ్చిన బుల్లి స్పీకర్లలో ఘంటసాలగారిని వింటూ, గదిలో సగం ఆక్రమించిన పెద్ద స్పీకర్ల మీద పూలకుండీలు పెట్టుకొనే గృహస్థులను నేను ఎరుగుదును. ఈ రెండింటికీ సంబంధం కుదిర్చే పెళ్ళిళ్ళ పేరయ్య ఒకడున్నాడు. వాడి పేరు యూఎస్‌బీ ఆడియో కన్వర్టరు. తెలిసినవారు ముద్దుగా ‘డాక్’ అంటారు.

ఆకారం చూస్తే ఏమీ లేదు. తమలపాకుల డబ్బా అంత ఉంటుంది. కొన్ని చూపుడువేలంత కూడా ఉండవు. ఒకవైపు కంప్యూటరు నుండి వచ్చే యూఎస్‌బీ తీగ తగిలించుకొనే చోటు, రెండవవైపు ఎరుపొకటి, తెలుపొకటిగా రెండు గుండ్రని రంధ్రాలు. ఎరుపు కుడి, తెలుపు ఎడమ. ఆ రెండింటి నుండి వచ్చే తీగలు ఆంప్లిఫయరు వీపున గుచ్చుకుంటాయి. చేయవలసిన పని ఇంతే. అయితే ఇంతమాత్రం పనిలో తెలుసుకోదగినవి చాలా ఉన్నాయి. సంగీతజ్ఞులు నాదాన్ని గురించి ఆలోచిస్తారు. నలభై ఏళ్ళు వర్ణమాల పట్టుకొని బతికిన నావంటివాడికి అక్షరం ముందు. పద్యం చదివేవాడు శకారాన్ని శకారంగా పలికాడా లేదా అన్నది వినబడితే చాలు, తక్కినది తరువాత చూసుకోవచ్చు.

“కంప్యూటరుకే హెడ్‌ఫోను రంధ్రం ఉంది గదా, అందులోనుంచి ఒక తీగ లాగితే చాలదా?” అని అడుగుతారు. చాలు. ముందు అదే చేసి చూడండి. ఆ తీగకు పెద్ద ఖర్చు ఉండదు. ఇప్పటి కంప్యూటర్లలో చాలావాటికి ఆ ద్వారం బాగానే ఉంటుంది. బాగులేనివాటిలో మాత్రం లోపలి సంసారమంతా పాటతోపాటు బయటికి వస్తుంది. ధ్వనిని పుట్టించే చిన్న చిప్పు ఆ పెట్టెలోనే ప్రాసెసరుకూ, తిరిగే పంకాకూ, విద్యుత్తును ముక్కలు ముక్కలుగా కోసి అందించే సరఫరా యంత్రానికీ ఇరుగుపొరుగుగా కాపురం ఉంటుంది. మౌసు కదిపితే కీచుమంటుంది. పేజీ జరిపితే బరబరమంటుంది. పాట సాగుతున్నంతసేపూ ఇది మరుగున పడి ఉంటుంది. పద్యంలో యతి దగ్గర చదువరి ఊపిరి తీసుకొనే ఆ చిన్న విరామంలో బయటపడుతుంది. వంటింట్లో పూజ చేసుకోవడం లాంటిది ఇది. కన్వర్టరు చేసే మొదటి ఉపకారం ఆ పూజాగదిని వంటింటి నుండి వేరుచేసి వరండాలో పెట్టడం.

ఆ పెట్టెకు కంప్యూటరు నుండి చేరేది ధ్వని కాదు, అంకెలు. కాంపాక్ట్ డిస్కు 1982లో బజారులోకి వచ్చిననాటి లెక్కే నేటికీ ఎక్కువగా నడుస్తున్నది. ధ్వనితరంగం ఎత్తును సెకనుకు 44,100 మార్లు కొలుస్తారు. ఒక్కొక్క కొలతను 16 బిట్లలో, అంటే 65,536 మెట్లలో ఏదో ఒక మెట్టుగా రాసుకుంటారు. కుడి ఎడమలు రెండూ కలిపితే సెకనుకు 14,11,200 బిట్లు. గంట పాటకు దాదాపు 63 కోట్ల 50 లక్షల బైట్లు. ఈ 44,100 ఎవరి జాతకం చూసి పెట్టిన సంఖ్య అనుకుంటున్నారో! తొలినాళ్ళలో ఈ అంకెలను దాచడానికి ఎక్కువగా వీడియో టేపునే వాడేవారు. తెరమీద గీతకు మూడు కొలతలు, క్షేత్రానికి పనికివచ్చే గీతలు 245, సెకనుకు 60 క్షేత్రాలు, గుణిస్తే 44,100. మన దేశం వాడిన 50 క్షేత్రాల పద్ధతిలో గీతలు 294. దానిని మూడుతోనూ యాభైతోనూ గుణించినా అదే సంఖ్య. పెళ్ళికి వచ్చిన రెండు పక్షాలకూ సరిపడే ముహూర్తం దొరికినట్టు దొరికింది.

ఎన్ని మార్లు కొలిస్తే అందులో సగం కంపనాల వరకు ధ్వనిని పూర్తిగా తిరిగి నిర్మించవచ్చు. ఇది క్లాడ్ షానన్ 1949లో ప్రచురించిన పత్రంలో గణితపరంగా నిరూపించిన విషయం. ‘పూర్తిగా’ అన్న మాటను గమనించండి. మెట్లు మెట్లుగా విరిగిన ధ్వని కన్వర్టరు నుండి వస్తుందని చాలామంది అపోహ. చుక్కల ముగ్గులో చుక్కలు విడివిడిగా ఉంటాయి, గీత అఖండంగా సాగుతుంది. ఆ గీత గీసే చెయ్యే ఈ కన్వర్టరు.

అయితే చుక్కలు సరిగ్గా పెడితే చాలదు, సరైన సమయానికి పెట్టాలి. ఇక్కడ నాకు చాలా నచ్చిన లెక్క ఒకటుంది. యూఎస్‌బీ తీగలో ఈ చిన్న కన్వర్టర్లకు సమాచారం మూటలు మూటలుగా వెళుతుంది. సెకనుకు వెయ్యి మూటలు. 44,100 కొలతలను వెయ్యి మూటలకు పంచితే మూటకు 44.1 కొలతలు రావాలి. కొలతను పదోవంతుగా విరవలేము గదా! అందుచేత తొమ్మిది మూటలలో 44 చొప్పున వేసి పదవ మూటలో 45 వేస్తారు. పంచాంగకర్తలు చాంద్రమానానికీ సౌరమానానికీ పొత్తు కుదరక ముప్పైరెండు, ముప్పైమూడు నెలలకొక అధికమాసం వేసినట్టే ఇదీ. పాట వింటున్నంతసేపూ ఆ తీగలో సెకనుకు నూరు అధికమాసాలు జరుగుతుంటాయి.

మరి ఈ మూటలు విప్పి కొలతలను సమానమైన ఎడంలో పరిచే తాళం ఎవరు వేయాలి? పాతరకం కన్వర్టర్లలో కంప్యూటరు నడకను చూసి కన్వర్టరు తన నడకను సవరించుకుంటూ పోయేది. కంప్యూటరుకు పాట ఒక్కటే పని కాదు. వందపనుల మధ్య దాని అడుగు కొద్దిగా తడబడుతుంది. తరువాత వచ్చిన పద్ధతిని ‘ఎసింక్రనస్’ అంటారు. ఇందులో కన్వర్టరుకు సొంత స్ఫటిక గడియారం ఉంటుంది. తన తాళం తాను వేసుకుంటూ, “ఈసారి ఒకటి ఎక్కువ పంపు, ఈసారి ఒకటి తక్కువ పంపు” అని కంప్యూటరునే నడిపిస్తుంది. పద్యనాటకం చూసినవారికి దీనిని వేరే వివరించనక్కరలేదు. రాగం తీసేది నటుడు. హార్మోనియం అతడి వెంట పోవాలి. హార్మోనియం వెంట నటుడు పడితే పద్యం పాడైపోతుంది. కొనేటప్పుడు ఈ రెండవరకం కొనండి, ఇప్పుడు ధరలో పెద్ద తేడా లేదు. నిజం చెప్పాలంటే రెండింటినీ మార్చి మార్చి విన్నా నా చెవికి తేడా అందలేదు. సిద్ధాంతం సరైనదైనంత మాత్రాన చెవికి అందాలని ఏముంది?

ఇక తగిలించే సంగతి. ఆంప్లిఫయరు వీపున నాలుగైదు జతల రంధ్రాలుంటాయి. ఆక్స్, ట్యూనరు, సీడీ అని రాసి ఉన్నవాటిలో ఏదైనా సరే. ఫోనో అని రాసినదాని జోలికి మాత్రం పోవద్దు. అది గ్రామఫోను సూదికి ప్రత్యేకించిన ద్వారం. సూది పుట్టించే విద్యుత్తు వోల్టులో వెయ్యోవంతులు కొన్ని మాత్రమే కనుక అక్కడ దానిని సుమారు నూరు రెట్లు పెంచుతారు. అంతేకాదు, రికార్డును చెక్కేటప్పుడు మంద్రధ్వనులను తగ్గించి తారధ్వనులను హెచ్చిస్తారు గనుక ఈ ద్వారం అందుకు విలోమంగా మంద్రాన్ని హెచ్చించి తారాన్ని తగ్గిస్తుంది. కన్వర్టరు ఇచ్చేది దాదాపు రెండు వోల్టులు. దానిని అక్కడ గుచ్చితే కూజా మూతికి కాలువ తిప్పినట్టే. యూఎస్‌బీ తీగ అయిదు మీటర్లు మించకుండా చూసుకోవాలి. ఎరుపు తెలుపు తీగలు అవసరమైనంత పొడవే ఉండాలి. కోఠీ గుజరాతీ గల్లీలో దొరికే మామూలు గట్టి తీగ చాలు. బంగారుపూత గురించి బేరగాడు చెప్పే హరికథ విని ఆనందించి, మామూలుది కొనుక్కొని రావచ్చు.

కంప్యూటరులో ధ్వనిస్థాయిని నూరుకు నూరు పెట్టి, హెచ్చుతగ్గులు ఆంప్లిఫయరు మరతోనే చేసుకోవాలి. కంప్యూటరులో తగ్గించడమంటే అంకెలను భాగించడమే. సగానికి తగ్గించినప్పుడల్లా ఒక బిట్టు కిందికి జారిపోతుంది. 24 బిట్ల కన్వర్టర్లలో అది లెక్కలోకి రాని నష్టమే అయినా, అలవాటు మంచిది. మొదటిసారి మోగించేటప్పుడు ఆంప్లిఫయరు మర సున్న దగ్గర ఉండాలని వేరే చెప్పనక్కరలేదు. విండోసులో ధ్వని అమరికలు చాలాసార్లు 48,000 మీద ఉంటాయి. పాటలు 44,100వి అయితే దానినీ 44,100కు మార్చడం ఉచితం. ‘ఎన్‌హాన్స్‌మెంట్స్’ అన్న అలంకారాలు ఉంటే అన్నిటినీ తీసివేయండి. కన్వర్టరును పాటల పనికే ప్రత్యేకించి, కంప్యూటరు సొంత టింగుటింగులను దాని బుల్లి స్పీకరుకే వదిలివేస్తే మరో సుఖం. లేకపోతే ద్రౌపది కేశపాశం చూపే ఘట్టంలో ఉత్తరం వచ్చిందంటూ గది దద్దరిల్లేలా గంట మోగుతుంది.

ఇంత చేసినా కొందరి ఇళ్ళలో ‘హూ’ అని ఒక తంబుర శ్రుతి ఆగకుండా వినిపిస్తుంది. మన కరెంటు సెకనుకు 50 ఆవర్తనాలది గనుక ఆ శ్రుతి యాభైలోనో, దాని రెట్టింపులోనో ఉంటుంది. కంప్యూటరు మూడు మేకుల ప్లగ్గు ద్వారా ఒకచోట భూమిని తాకుతుంది. ఆంప్లిఫయరు మరో గోడ ప్లగ్గు ద్వారానో, కేబుల్ టీవీ తీగ ద్వారానో మరొకచోట భూమిని తాకుతుంది. మధ్యలో మన ఎరుపు తెలుపు తీగ వాటిని కలిపేసరికి చుట్టు పూర్తయి, అందులో కరెంటు ప్రదక్షిణం మొదలుపెడుతుంది. ల్యాప్‌టాపు అయితే పరీక్ష తేలిక. చార్జరు ఊడదీసి బ్యాటరీ మీద నడిపించండి. మోత ఆగితే దొంగ దొరికినట్టే. రెండింటినీ ఒకే ప్లగ్గుల పలకకు తగిలిస్తే సాధారణంగా సర్దుకుంటుంది. సర్దుకోకపోతే కాంతితీగ వాడవచ్చు. అందులో సమాచారం వెలుగుగా వెళుతుంది గనుక కరెంటుకు దారే ఉండదు. అయితే దానికి రెండువైపులా తగిన ద్వారాలుండాలి. కొందరు మెకానిక్కులు ఎర్తు మేకును విరిచివేసి మోత ఆపేశామంటారు. అది మోతను కాదు, ప్రాణాన్ని ఆపగల పని. ఇంట్లో ఎవరినీ ఆ పని చేయనివ్వవద్దు.

ధరల విషయంలో నా అభిప్రాయం కొందరికి కష్టం కలిగించవచ్చు. సెకనుకు 1,92,000 కొలతలంటూ, అంతకు రెట్టింపంటూ పెద్దపెద్ద సంఖ్యలు ముద్రించి అమ్ముతున్నారు. 1,92,000 కొలతలతో 96,000 కంపనాల వరకు ధ్వని పట్టుబడుతుంది, నిజమే. మనిషి చెవి పరిమితి యౌవనంలోనే 20,000. అరవై దాటిన చెవులలో చాలావాటికి పన్నెండు వేల పైన ఏమీ వినబడదు. ఇక తొంభై ఆరు వేలు ఎవరికోసం? జాషువాగారి సందేశం మోసుకొని కాశీకి వెళ్ళిన ఆ గబ్బిలం తిరిగివచ్చి మా ఇంటి చూరుకు వేలాడితే దానికి పనికివస్తుంది. డబ్బు ఉంటే స్పీకర్ల మీద పెట్టండి. లేకపోతే స్పీకర్లను గోడ మూల నుండి రెండడుగులు ముందుకు జరపండి. దానికి ఖర్చు లేదు, ఫలితం కన్వర్టరు ఇచ్చేదానికంటె ఎక్కువ.

ఇంతకూ శకారం సంగతి.

నా పూర్వవిద్యార్థి ఒకడు ఉద్యోగం చేసుకుంటూనే సెలవుదినాలలో పిల్లలకు పద్యం నేర్పుతున్నాడు. అతడి దగ్గర శ్రీకృష్ణరాయబారం ఆడిన ఒక రాత్రి క్యాసెట్టు ఉంది. వేదిక మీద వేలాడదీసిన మైకు నుండి ఎవరో పట్టుకున్నది. అందులోని నటుడు మా ప్రాంతంలో పేరున్నవాడు, ఇప్పుడు లేడు. దానిని సెల్‌ఫోన్లలో తిప్పడానికి వీలుగా ఎవరో బాగా కుదించి చిన్న ఎంపీత్రీగా చేశారు. పిల్లలు వింటున్నది అదే. ఒకనాడు వచ్చి, “మాస్టారూ, ఆయన పద్యానికీ పద్యానికీ మధ్య వచనంలో శాంతము అనవలసినచోట సాంతము అంటున్నారు. పిల్లలు అదే పట్టుకుంటున్నారు. అంత పెద్దాయన తప్పు పలికాడని వాళ్ళకు చెప్పనా?” అన్నాడు.

సాంతము అంటే తుదివరకు అని అర్థం. రాయబారంలో రెండు మాటలకూ చోటుంది, అదే చిక్కు. శకలము అంటే ముక్క, సకలము అంటే సమస్తము. ఒక్క ఊష్మం మారితే అర్థం తలకిందులవుతుందని తరగతిలో ఎన్నిమార్లు చెప్పానో! అందులోనూ మన ఊళ్ళ వాడుకలో శకారం సకారంగా మారడం మామూలే. చనిపోయినవాడి మీద వేసే నింద ఇది. ఊరికే వేయకూడదు.

శ తాలవ్యం, ష మూర్ధన్యం, స దంత్యం. నాలుక ఎక్కడ ఆనుతుందో వ్యాకరణం చెబుతుంది. చెవి ఏమి విని వాటిని వేరుచేస్తుందో ధ్వనిశాస్త్రం చెబుతుంది. మూడూ ఊపిరి రాపిడే. సకారపు రాపిడి చాలావరకు నాలుగైదు వేల కంపనాల పైన ఉంటుంది. శకార షకారాల రాపిడి అంతకు దిగువన, రెండున్నర, మూడు వేల నుండే మొదలవుతుంది. పాత టెలిఫోను 3,400 దగ్గర ధ్వనిని కోసేసేది. మీడియం వేవ్ రేడియో నాలుగున్నర వేల దగ్గర. అందుకే ఫోనులో పేర్లు చెప్పేటప్పుడు అక్షరాన్ని విడమరచి చెప్పుకొనేవాళ్ళం. కుదించిన ఎంపీత్రీలోనూ మొదట కత్తెరకు బలయ్యేవి ఈ పైకంపనాలే. పైభాగం పోయాక శ, స రెండూ ఒకే బూడిద. వినేవాడు తన నోటి అలవాటునే అందులో వింటాడు.

క్యాసెట్టును మంచి డెక్కు మీద తిప్పి, కుదించకుండా, 44,100 కొలతలతో మళ్ళీ ఎక్కించుకొని రమ్మన్నాను. రెండువారాల తరువాత తెచ్చాడు. మొదట చిన్న ఎంపీత్రీని హెడ్‌ఫోను రంధ్రం దారిన విన్నాము. వెనుక సన్నని కీచు, దానిమీద ‘సాంతము’ లాంటిది ఏదో. తరువాత పూర్తి ప్రతిని అదే దారిన. మాట చాలావరకు తేటపడింది. ఆ తరువాత అదే ప్రతిని కన్వర్టరు దారిన, పెద్ద స్పీకర్లలో. కీచు పోయింది. మిగిలింది టేపు సహజమైన ఉస్సుమనే ధ్వని. అదీ మాట వెనుక విడిగా నిలిచింది. శాంతము. తాలవ్యం. మా గురువుగారు విన్నా ఆక్షేపించలేనంత స్పష్టంగా. మూడుసార్లు వేయించుకున్నాను, అవసరం ఉండి కాదు. ఇందులో ముప్పాతిక ప్రతిభ పూర్తి ప్రతిది, పావు మాత్రమే ఈ పెట్టెది. లేనిదానిని ఇది తెచ్చిపెట్టదు. ఉన్నదానికి అడ్డు తీస్తుంది.

లేనిదానికి ఉదాహరణ కూడా అదే క్యాసెట్టులో, మరో రెండు నిమిషాల తరువాత దొరికింది. నటుడు విషము అన్నాడో విసము అన్నాడో ఎన్నిసార్లు విన్నా తెలియలేదు. సరిగ్గా ఆ అక్షరం దగ్గర జనం చప్పట్లు కొట్టారు. మైకు ఆ చప్పుడుకు తట్టుకోలేక చితికిపోయింది, టేపు దానిని అలాగే పట్టింది.

“దీనికేం చేద్దాం మాస్టారూ?”

“విషము ప్రకృతి, విసము వికృతి. ఆయన ఏది అన్నా తప్పు లేదు. పిల్లలకు రెండూ చెప్పు” అన్నాను.

రాసుకున్నాడు. అతడి దగ్గర అవే నాటకాలవి మరో నాలుగు క్యాసెట్లున్నాయట. ఒకదాని టేపు తెగిందట, అతికించాలట. వచ్చే ఆదివారం తెస్తానని కన్వర్టరు వెనుక తీగలు తానే సర్ది వెళ్ళాడు.